గుల్మార్గ్‌కి ఈ వారం రెండడుగుల మంచు: అంచనా నమ్మి బయల్దేరొచ్చా?

మంచుబాట: గురువారం వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి వచ్చి వానా మంచూ తెచ్చే వాతావరణ వ్యవస్థ) వస్తోందట. యాప్‌లో కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కి వారం మొత్తానికి రెండడుగుల మంచు చూపిస్తోంది. పిల్లలతో వెళ్దామని ఉంది. టికెట్లు తీసుకోమంటారా?

లోయగాలి: వద్దండీ. కిందటి సీజన్‌లో మేమూ ఇలాంటి అంచనా చూసే వెళ్లాం. హోటల్ దగ్గర వాన, కింది స్లోప్ అంతా బురద. వాతావరణానికి మా పూచీ లేదంటూ ప్యాకేజీ వాళ్లు రూపాయి కూడా వెనక్కివ్వలేదు.

శిఖరం: రెండడుగులు ఏ ఎత్తులో అన్నది ముందు చూడాలి. గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, దాని పైనున్న అఫర్వత్ కొండ మీద గొండోలా (కేబుల్ కార్) రెండో దశ దిగేచోటు దాదాపు 3,950. ఎత్తు కిలోమీటరు పెరిగితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. పైన మైనస్ ఎనిమిది ఉన్నప్పుడు కింద సున్నా దగ్గర ఉంటుంది. ఒకే మబ్బు పైన పొడి మంచు కురిపించి కింద వాన పడేస్తుంది. పైగా అంచనా వేసే కంప్యూటర్ మోడల్ నేలని గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది, గడి ఒక్కోటి తొమ్మిది, పదమూడు కిలోమీటర్లు. శిఖరమూ లోయా అందులో కలిసి సగటైపోతాయి.

లోయగాలి: రెండడుగులన్నారు, పడలేదు. నాకు తెలిసింది అంతే.

శిఖరం: పైన పడే ఉంటుంది, మీరు కింద ఉన్నారు. పది మిల్లీమీటర్ల నీరు మామూలుగా పది సెంటీమీటర్ల మంచు అవుతుంది, చలి బాగా ఉంటే పదిహేను. నీటి లెక్క కుదిరినా మంచు లెక్క తప్పొచ్చు.

కొత్తస్కీ: 2025లో మంచు లేక ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌నే ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు.

లోయగాలి: వాళ్లు జరుపుకోగలరు, మాకు సెలవులు మళ్లీ ఎవరిస్తారు? పిల్లలు మొదటిసారి స్కీలు కట్టుకుని బురదలో నిలబడ్డారు. మీరేమో గడుల లెక్కలు చెప్తున్నారు.

శిఖరం: అంచనా సరిగ్గా చూడకుండా పిల్లల్ని తీసుకెళ్తే తప్పెవరిది?

లోయగాలి: చూసే వెళ్లామని మొదటే రాశాను. చదవకుండా నా మీద తప్పు వేయకండి!

మోడరేటర్: ఇద్దరూ కాస్త తగ్గండి.

శిఖరం: సరే, అసలు సంగతి చెప్తాను. నా భయం టికెట్ల గురించి కాదు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్‌లో మంచే లేదు. ఫిబ్రవరిలో ఒక్కసారిగా కురిసింది. 22న మంచు చరియలు విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. పొడి వాతావరణం సాగితే పలచటి పాత పొర పంచదార పలుకుల్లా విడిపోతుంది, దాని మీద పడిన కొత్త మంచుకి పట్టుండదు. ‘రెండడుగులు’ అనగానే జనం ఆ రోజే పైకి పరుగెడతారు.

లోయగాలి: నేను పైకే వెళ్లను కదా! మీకు కావాల్సిన అంచనా వేరు, నాది వేరు. కింద వానా మంచా అన్నది చెబితే చాలు నాకు. యాప్‌లో ఆ ముక్క వెతుక్కోవాల్సి వస్తోంది.

శిఖరం: ఫ్రీజింగ్ లెవెల్, అంటే గాలి సున్నా డిగ్రీలకి చేరే ఎత్తు, చూడండి. దానికి రెండు మూడు వందల మీటర్ల కిందిదాకా మంచే పడుతుంది. మంచు పడే ఆ కింది హద్దు 2,650 దాటి పైకి పోతే పిల్లలతో వద్దు. అయితే అయిదు రోజుల ముందు దాన్ని ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

లోయగాలి: మరి ఏడు రోజులకి అడుగుల లెక్కన ఎందుకు రాస్తున్నారు?

మంచుబాట: మంగళవారం దాకా ఆగుతాను. టికెట్ రేటు పెరిగినా సరే, ఫ్రీజింగ్ లెవెల్ చూశాకే తీసుకుంటాను.