రేడియల్ ఇంజిన్ అంటే ఇంత పిచ్చి ఎందుకు?

లేత్_కుర్రాడు_గాజువాక:
అందరికీ నమస్తే. నాది మెకానికల్ డిప్లొమా, ఆటోనగర్‌లో లేత్ మీద పని. ఈ మధ్య పడుకునే ముందు పాత విమానాలు స్టార్ట్ చేసే వీడియోలు చూడటం అలవాటైంది. స్టియర్‌మన్, బీవర్, యాక్-52 లాంటి చిన్న విమానాలు, ముక్కు మీద చుట్టూ సిలిండర్లు పేర్చిన గుండ్రటి రేడియల్ ఇంజిన్, దగ్గుతూ పొగ వదులుతూ ఒక్కో సిలిండరే అందుకోవడం... చూస్తే వదలబుద్ధి కాదు. నా డౌట్ ఏటంటే, సెస్నాలో ఉండే, సిలిండర్లు అటూ ఇటూ పడుకోబెట్టిన ఫ్లాట్ ఇంజిన్ గాలికి అడ్డం తక్కువ, ఖర్చూ తక్కువ, అయినా డబ్బున్నోళ్లు రేడియల్ వెతుక్కుని మరీ కొంటున్నారు. ఇది ఉత్త పాతకాలం మోజేనా, ఇంజినీరింగ్‌లో నిజంగా ఏమైనా ఉందా? ఇంకోటి, మన విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ-142వి రేడియల్సేనా అని మా తమ్ముడు అడుగుతున్నాడు.

డేగా_మాజీ:
టీయూ-142 సంగతి ముందు చెప్పేస్తాను తమ్ముడూ. అందులో పిస్టన్లే లేవు, అవి టర్బోప్రాప్‌లు, అంటే టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పేవి. ఒక్కో ఇంజిన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు ఎదురు దిశల్లో తిరుగుతాయి.

ఇక అసలు విషయం. మోజు ఉంది, కాదనను, కానీ దాని కింద లెక్క కూడా ఉంది. తొమ్మిది సిలిండర్లున్నా క్రాంక్‌షాఫ్ట్‌కి ఒక్క పిన్ చాలు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్లలో మాస్టర్ రాడ్ ఒకటి ఆ పిన్ మీద కూర్చుంటుంది, మిగతా ఎనిమిది రాడ్లూ గొడుగు ఊచల్లా దానికే తగిలించి ఉంటాయి. అందుకే షాఫ్ట్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. సిలిండర్లన్నీ గాలికి ఎదురుగా ఉంటాయి కాబట్టి రేడియేటర్, నీళ్లు, పైపుల గొడవ లేదు.

బీవర్‌లో ఉండే ప్రాట్ అండ్ విట్నీ ఆర్-985 చూడు. 16 లీటర్ల ఇంజిన్, 2300 ఆర్‌పీఎం దగ్గర 450 హార్స్ పవర్. పాత సెస్నా 172ల్లో ఉండే లైకమింగ్ ఓ-320 ఐదు లీటర్ల పైచిలుకు, 160 హార్స్ పవర్ ఇవ్వడానికి 2700 తిరగాలి. ప్రొపెల్లర్ కొసలు శబ్దవేగానికి దగ్గరైతే లాగే బలం తగ్గి గోల మిగులుతుంది, అందుకని నిదానంగా తిరిగే ఇంజిన్‌కి గేర్లు లేకుండానే పెద్ద ప్రొపెల్లర్ పెట్టుకోవచ్చు. 1947లో మొదటిసారి ఎగిరిన బీవర్ ఇప్పటికీ సరస్సుల మీద నుంచి బరువులేసుకుని లేస్తోందంటే, రెక్క పనితనం సగమైతే ఈ ఇంజిన్ సగం.

గ్రీజు_చేతులు:
సార్ చెప్పింది నిజమే, కానీ రెండో వైపు కూడా చెప్పాలి కదా. నేను ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చదివాను. మీరు వీడియోల్లో లైకులు కొట్టే ఆ పొగ ఏంటో తెలుసా? విమానం నిలబడి ఉన్నప్పుడు రింగుల పక్క నుంచి జారి కింది సిలిండర్లలో చేరిన ఆయిల్. కొంచెమైతే పొగతో పోతుంది. ఎక్కువ చేరితే, ద్రవం ఎంత నొక్కినా నొక్కుకోదు కాబట్టి, స్టార్టర్ వేయగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ క్షణమే విరిగితే అదృష్టం, గాల్లో ఉన్నప్పుడు విరిగితే టెన్షన్ మామూలుగా ఉండదు.

అందుకే ముందు మాగ్నెటోలు (ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చేవి) ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకుని ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతారు. బిగుసుకుంటే కింది స్పార్క్ ప్లగ్ విప్పి ఆయిల్ కార్చేయాలి. కొందరు వెనక్కి తిప్పుతారు, వదులైనట్టే అనిపిస్తుంది, కానీ ఆయిల్ ఇన్‌టేక్ పైపులోకి పోయి ఇంజిన్ అందుకున్నాక మళ్లీ లోపలికే వస్తుంది. పైగా తొమ్మిది సిలిండర్లకి పద్దెనిమిది ప్లగ్గులు. దూరం నుంచి ప్రేమించడం తేలిక!

గాలి అడ్డం మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. 1928లో అమెరికాలో నాకా (అక్కడి ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ) వాళ్లు ఇంజిన్ చుట్టూ సరైన కౌలింగ్, అంటే రేకు తొడుగు, తొడిగి ఆ అడ్డం బాగా తగ్గించారు. స్టియర్‌మన్‌కి అది లేదు, సిలిండర్లు బయటికే కనిపిస్తాయి. అందం కూడా అందులోనే ఉందేమో.

వన్‌టౌన్_పాతోడు:
ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను, రేడియల్ మోత మన ఊరు 1942లోనే వింది. ఆ ఏప్రిల్ 6న హార్బర్ మీద బాంబులేసిన జపాన్ విమానాలు ర్యూజో అనే నౌక మీద నుంచి వచ్చాయి, వాటివి రేడియల్ ఇంజిన్లే. నౌకాదళాలకి అవంటే ఇష్టం ఎందుకంటే, రేడియేటర్‌కి ఒక్క తూటా తగిలితే నీళ్లు కారిపోయి ఇంజిన్ పట్టేస్తుంది, సముద్రం మీద ఎక్కడ దిగుతాడు? గాలితో చల్లబడేదానికి ఆ బెంగ లేదు. అమెరికా నేవీదీ అదే దారి.

చూడాలంటే గోవా నావికా విమాన మ్యూజియంకి వెళ్లు. అక్కడి సూపర్ కాన్‌స్టెలేషన్‌కి ఒక్కోటి 18 సిలిండర్ల ఇంజిన్లు నాలుగు. చిన్న విమానం కాదులే, కానీ రైలెక్కి వెళ్లినందుకు కడుపు నిండుతుంది.

లేత్_కుర్రాడు_గాజువాక:
అందరికీ థాంక్స్. సార్, సిలిండర్లు ఎప్పుడూ 5, 7, 9 ఇలా బేసి సంఖ్యలోనే ఎందుకు? ఇంకో మాట, తిరిగే మోడల్ ఒకటి అల్యూమినియంతో చేద్దామనుకుంటున్నా, నిప్పు రాజేసేది కాదు, చేత్తో తిప్పేది.

డేగా_మాజీ:
మంచి ఆలోచన. ఫోర్‌స్ట్రోక్ కదా, రెండు చుట్లలో అన్ని సిలిండర్లూ ఒక్కోసారి మండాలి. ఒకటి వదిలి ఒకటి మండిస్తూ పోతే ఐదింటికి 1-3-5-2-4 వస్తుంది, ఎక్కడా ఎడం మారదు. సరి సంఖ్య పెడితే రెండో చుట్టులో మళ్లీ ఒకటో నంబరుకే వచ్చి పడతావు. 14, 18 అన్నవి ఏడేసి, తొమ్మిదేసి చొప్పున రెండు వరసలు.

నువ్వు ఐదు సిలిండర్లతో మొదలుపెట్టు. వాల్వులు తెరవడానికి ఐదు క్యామ్‌షాఫ్ట్‌లు అక్కర్లేదు. ఒకే క్యామ్ రింగు, ఇన్‌టేక్‌కి ఒక ట్రాక్, ఎగ్జాస్ట్‌కి ఒకటి, ఒక్కో ట్రాక్ మీద ఎదురెదురుగా రెండు ఉబ్బులు. ఆ రింగు క్రాంక్‌కి వ్యతిరేక దిశలో దాని వేగంలో నాలుగో వంతు తిరిగితే ఐదు సిలిండర్ల వాల్వులూ వరస తప్పకుండా తెరుచుకుంటాయి. ముందు అట్టముక్కతో కోసి తిప్పి చూసుకో.

లింక్ రాడ్ల (మాస్టర్ రాడ్‌కి తగిలించే మిగతా రాడ్ల) పిన్నులు క్రాంక్ పిన్ మధ్యలో ఉండవు, మాస్టర్ రాడ్ అంచున ఉంటాయి, కాబట్టి ఒక్కో పిస్టన్ పైకొచ్చే చోటు కాస్త తేడాగా వస్తుంది. అది నీ లేత్ తప్పనుకుని మళ్లీ కోయకు.

గ్రీజు_చేతులు:
మాస్టర్ రాడ్ ఒకటో నంబరులో పెట్టు బ్రో, పైన ఉంటే అందరికీ కనిపిస్తుంది. సిలిండర్లకి ముందు వైపు అక్రిలిక్ షీటు వేయి, చేశాక ఫొటోలు పెట్టడం మర్చిపోకు.