అప్‌డేట్: పది-రెండు ముక్కలకు ఆ పేరెందుకో తెలిసింది

డాలస్‌లో మా టీమ్ వాళ్లతో పోకర్ ఆడుతుంటే, నాకు పది, రెండు పడ్డాయని చూసి అందరూ "డాయిల్ బ్రన్సన్!" అని ఎందుకు నవ్వారని పోయిన వారం అడిగాను కదా, జవాబు దొరికింది.

బ్రన్సన్ ఇక్కడి టెక్సస్ ఆటగాడే. 1976, 1977ల్లో వరుసగా పోకర్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచాడు. రెండుసార్లూ ఆఖరి ఆటలో ఆయనకు పడ్డవి పది, రెండే! బల్ల మీద అందరికీ కలిపి పరిచే ముక్కలతో చేరి రెండుసార్లూ ఫుల్‌హౌస్ (ఒక రకం మూడు, ఇంకో రకం రెండు) అయింది. మామూలుగా చూడగానే పడేసే ముక్కలవి.

శనివారం మిగతా పేర్లూ అడిగాను. రెండు ఎనిమిదులు పడితే మంచు బొమ్మలు, రెండు రెళ్లయితే బాతులు, జాకీల జత గేలాలు. అన్నీ ఆకారం చూసి పెట్టినవే. ఆసు-రాజుకు మాత్రం టెన్నిస్ ప్లేయర్ అన్నా కోర్నికోవా పేరట, చూడ్డానికి బాగుంటుంది కానీ గెలవదని. ఇది నాకు నచ్చలేదు. డబుల్స్‌లో రెండు ఆస్ట్రేలియన్ ఓపెన్లు గెలిచిన మనిషి ఆవిడ!

ఆఠీన్ రాజును 'సూసైడ్ కింగ్' అంటారు. ఇంటికొచ్చి పేక తీసి చూశా. కత్తి తలలో గుచ్చుకున్నట్టే ఉంది. మిగతా ముగ్గురికీ ఉన్న మీసం కూడా లేదు పాపం. ఇన్నేళ్లు రమ్మీ ఆడాను, ఒక్కసారీ గమనించలేదు.