పక్షవాతం వచ్చిన ప్రతివాళ్లకీ ప్రొటీన్ సి, ఎస్ పరీక్షలు అవసరమా?

కొర్లగుంట కుర్రోడు:
మా నాన్నకు 66 ఏళ్లు. షుగరు, బీపీ పాతవే. పోయిన నెల కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. సీటీ తీసి, రక్తస్రావం కాదు, నాళం పూడుకుందన్నారు. మర్నాడే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీత్రాంబిన్, ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అని పెద్ద చిట్టా రాశారు. రక్తం అతిగా గడ్డకట్టే గుణం ఉందేమో చూసే పరీక్షలట. బిల్లు వేలల్లో. ప్రొటీన్ ఎస్ తక్కువొచ్చింది, వంశపారంపర్యం కావచ్చు, పిల్లలూ చేయించుకోండి అన్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఇవి అందరికీ చేయాల్సినవేనా?

నీలం మూత:
ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి, చెప్తా విను తమ్ముడూ. అక్కర్లేదు. ఈ ప్రొటీన్లు రక్తం అతిగా గడ్డకట్టకుండా ఆపేవి. గడ్డ కట్టిన రోజుల్లో ఇవి ఖర్చయి తగ్గొచ్చు. గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తే యాంటీత్రాంబిన్ పడిపోతుంది. అదే పనికి వాడే వార్ఫరిన్ మాత్ర మొదలెడితే సి, ఎస్ రెండూ తగ్గుతాయి, అవి విటమిన్ కె మీద ఆధారపడేవి కాబట్టి. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎస్ తగ్గొచ్చు. అందుకే సి, ఎస్ చేయాలన్నా మూడు నెలలాగి చేయడం మేలు.

ఇక రక్తం తీసే పద్ధతి చూడండి. నీలం మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా పోసే సిట్రేట్ 0.3 మి.లీ. ఉంటే 2.7 మి.లీ. రక్తం పడాలి, గీత దాకా. నరం దొరకని పెద్దాయన దగ్గర సగం తీసి ‘చాల్లే అన్నా’ అని పంపేస్తారు. సిట్రేట్ పాలు ఎక్కువై, గడ్డకట్టే సమయం లేనిపోనిది పెరిగి కనిపిస్తుంది. వెనక్కి పంపితే వార్డు నుంచి తిట్లు మాకే.

చిత్తూరు వదిన:
అంత తేలిగ్గా అక్కర్లేదంటే ఎట్లన్నా? మా మరిదికి 31. బీపీ లేదు, షుగర్ లేదు, బీడీ ముట్టడు. మూతి వంకర పోయింది, మాట పడిపోయింది. ఒక ఆసుపత్రిలో ఆస్పిరిన్ రాసి ఇంటికి పంపారు. ఆ ఏడాదే మళ్లీ వచ్చింది. అప్పుడు గానీ యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (ఒంట్లోనే పుట్టి రక్తం గడ్డకట్టించేవి) చూడలేదు. 12 వారాలు దాటాక మళ్లీ చేసి, ఖాయం చేసుకుని వార్ఫరిన్ పెట్టారు. మొదటిసారే చూసుంటే?

బాలింతల సంగతీ అంతే. పత్యమని మంచినీళ్లు కూడా సరిగా తాగనివ్వరు. తలనొప్పి, ఫిట్స్ అంటే గాలి సోకిందంటారు. మెదడు సిరలో గడ్డ అని తేలేసరికి ఆలస్యమైపోతుంది.

అలిపిరి డాక్టరు:
అక్కయ్య చెప్పిన రెండు కేసుల్లోనూ పరీక్షలు న్యాయమే. వయసు చిన్నది, మామూలు కారణాలు లేవు, లేదా గడ్డ సిరలో ఉంది. ప్రొటీన్ సి, ఎస్ లోపాలు ప్రధానంగా సిరల్లో గడ్డలకు కారణం, ధమని పూడుకోవడంతో వాటికి సంబంధం బలహీనం. యాంటీఫాస్ఫోలిపిడ్ రెండు చోట్లా దెబ్బ తీస్తుంది. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యు మార్పు మనవాళ్లలో అరుదు.

66 ఏళ్ల షుగర్ మనిషికి ముందు చూడాల్సినవి వేరే: మెడ రక్తనాళాల స్కాన్, గుండె లయ తప్పుతోందేమో ఈసీజీ, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్). ఇవి వదిలేసి ప్రొటీన్ ఎస్ దగ్గర మొదలుపెట్టడం నాకు నచ్చదు.

ఇంకోటి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపు పడాలి. దానికి ముందు తప్పనిసరి రక్తపరీక్ష షుగర్ ఒక్కటే. వార్ఫరిన్ లాంటివి వాడుతున్నారనో, రక్తం జబ్బుందనో అనుమానముంటే తప్ప, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. ఐఎన్‌ఆర్ 1.7 దాటినా, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గినా మాత్రం ఇవ్వరు. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులకో, చిత్తూరు వైపు నుంచి వేలూరుకో పరుగెత్తాల్సిన సమయంలో పావురం రక్తం రుద్దించుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

చిత్తూరు వదిన:
మూడు నెలలాగి చేద్దామంటే మా పల్లె మనిషి మళ్లీ వస్తాడా డాక్టర్ గారూ? చెయ్యి లేచిందంటే మందులే మానేస్తాడు. ఉన్నప్పుడే తీసేస్తే ఏం పోయింది?

నీలం మూత:
పోయేది ఉందక్కా. తప్పుడు రిపోర్టు ఇంటికి చేరితే ‘వాళ్ల వంశంలో రక్తం జబ్బు’ అని ఆడపిల్ల సంబంధాలు వెనక్కి పోతాయి. అది ఏ ల్యాబ్ సరిచేస్తుంది?

అలిపిరి డాక్టరు:
ఆయన రాడనే భయం నిజమే. యాంటీఫాస్ఫోలిపిడ్, హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఓ అమైనో ఆమ్లం) అప్పుడే తీసినా నాకు అభ్యంతరం లేదు. సి, ఎస్‌లే తర్వాత. కొర్లగుంట తమ్ముడూ, ఆ రిపోర్టు మీద ‘జబ్బు కొత్తలో తీసిన నమూనా’ అని రాయించు. పిల్లలు ఇప్పుడే పరీక్షలకు పరుగెత్తొద్దు. మెడ స్కాన్ ఏమొచ్చింది?

కొర్లగుంట కుర్రోడు:
ఫైలంతా తిరగేశాను సార్. మెడ స్కాన్ అసలు తీయనే లేదు. సోమవారం వెళ్లి అడుగుతాను.