డబ్బులు తీసుకుంటే గోల్ఫ్ అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడని ఆటగాడి) హోదా పోతుందా?

బెజవాడ నుంచి అడుగుతున్నానండీ, మా తమ్ముడు హైదరాబాద్ వెళ్లి ఆడతాడు, ఈమధ్య ఒక హ్యాండిక్యాప్ టోర్నీలో (ఆటగాడి స్థాయిని బట్టి స్కోరులో కొన్ని స్ట్రోకులు తగ్గించే పోటీ) గెలిస్తే క్యాష్ కవరు ఇస్తామన్నారు, పైగా ఇక్కడ ఇద్దరు పిల్లలకి ఫీజు తీసుకుని నేర్పుదామనుకుంటున్నాడు, రేపు అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్‌కి ఎంట్రీ పంపితే తిప్పికొడతారా?

— కవరు ముట్టుకోవద్దని చెప్పండి ముందు. 2022 జనవరి నుంచి కొత్త రూల్స్, స్క్రాచ్ పోటీలో (ఆ తగ్గింపు లేకుండా అసలు స్కోరే లెక్క) అయితే క్యాష్ కూడా తీసుకోవచ్చు, 700 పౌండ్లు లేదా 1000 డాలర్ల వరకు. హ్యాండిక్యాప్ పోటీలో క్యాష్ అసలు కుదరదు, వస్తువో వోచరో అయితే అదే లిమిట్‌లో ఓకే. హోల్ ఇన్ వన్ (ఒక్క దెబ్బకే బంతి గుంతలో పడటం) కొట్టి కారు గెలిస్తే మాత్రం లిమిట్ లేదు, అదేం లాజిక్కో మరి!

— ఫీజు సంగతి ఇంకా డేంజర్ బ్రో, ఫ్రీగా నేర్పితే ఏం కాదు, డబ్బు తీసుకుంటే హోదా పోయినట్టే. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ ముందే ఒప్పుకున్న ప్రోగ్రామ్ అయితే మినహాయింపు ఉంది.

— హోదా ఒక్కటే చాలదు గురూ, హ్యాండిక్యాప్ నంబర్ (ఎంత తక్కువైతే అంత మంచి ఆటగాడు) కూడా చూస్తారు. ఉదాహరణకి అమెరికాలో జరిగే యూఎస్ అమెచ్యూర్ టోర్నీకి అది 0.4 దాటకూడదు, యూఎస్ మిడ్ అమెచ్యూర్‌కైతే పాతికేళ్లు నిండాలి. ఏ టోర్నీ అయినా ఎంట్రీ షరతులు పూర్తిగా చదివాకే ఫీజు కట్టమనండి.

— థాంక్సండీ అందరికీ, కవరు వద్దని ఇప్పుడే ఫోన్ చేశా, వాడు మొహం మాడ్చుకున్నాడు 😄