43 ఫీల్డుల్లో నాలుగే కావాలి, ఆర్క్‌పైతో ఎలా?

గుంటూరు నుంచి:
అందరికీ నమస్కారం. ఆర్క్‌జీఐఎస్ మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో పొలాల పాలిగన్ లేయర్లు (పొలాల హద్దులు గీసిన మ్యాపులు) మండలానికొకటి ఉన్నాయి, ఒక్కోదాని టేబుల్లో 43 ఫీల్డులు, అంటే నిలువు వరుసలు. అడిగినవాళ్లకి కావలసింది నాలుగే: మండలం, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం. అదీ ఎక్సెల్లో తెరుచుకోవాలి. ప్రతి లేయర్‌కీ కాపీ తీసి, డిలీట్ ఫీల్డ్ టూల్‌తో మిగతా 39 కొట్టేస్తున్నాను. నిన్న కాపీ తీయడం మరిచిపోయి అసలుదాని మీదే నడిపేశాను. బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాను. ఆర్క్‌పై (ఆర్క్‌జీఐఎస్‌ని పైథాన్‌తో నడిపే లైబ్రరీ) స్క్రిప్టుతో దారేమైనా ఉందా?

విజయవాడ నుంచి:
ఆ టూల్ జోలికి వెళ్లకండి, అది ఇచ్చిన టేబుల్నే మార్చేస్తుంది. అక్కర్లేనివి కొట్టేసే బదులు కావలసినవి ఏరుకోండి. ఆర్క్‌పైలో డీఏ మాడ్యూల్ కింద సెర్చ్ కర్సర్ ఉంది, టేబుల్ని ఒక్కో వరుసగా చదువుతుంది. మొదట లేయర్ పాత్, తర్వాత ఫీల్డు పేర్ల లిస్టు ఇవ్వాలి. లిస్టులో మీరు రాసిన వరుసలోనే విలువలు వస్తాయి. వాటిని పైథాన్ సీఎస్‌వీ రైటర్‌కి (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు రాసేది, అది ఎక్సెల్లో తెరుచుకుంటుంది) అలాగే అందించండి, పైన హెడింగులకి అదే లిస్టు పనికొస్తుంది. కర్సర్‌ని పైథాన్ విత్ బ్లాకులో తెరవండి, పని కాగానే వదిలేస్తుంది, లేకపోతే లేయర్ మీద లాక్ ఉండిపోయి తర్వాత విసిగిస్తుంది.

విస్తీర్ణానికి షేప్ ఏరియా (సాఫ్ట్‌వేర్ తనే లెక్కగట్టే ఫీల్డు) తీసుకుంటుంటే ఒక్కసారి లేయర్ ప్రొజెక్షన్, అంటే ఏ కొలతల పద్ధతిలో ఉందో చూసుకోండి. మన వైపు యూటీఎం 44 నార్త్‌లో ఉంటే చదరపు మీటర్లు, 4046.86తో భాగిస్తే ఎకరాలు. అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే ఆ అంకె దేనికీ పనికిరాదు.

గుంటూరు నుంచి:
ఫీల్డు దొరకడం లేదంటోందండీ. టేబుల్లో కళ్లముందే కనిపిస్తోంది!

విజయవాడ నుంచి:
మీకు కనిపించేది అలియాస్, అంటే పైకి చూపించే పేరు అయ్యుంటుంది. కర్సర్‌కి అసలు పేరే కావాలి. లిస్ట్ ఫీల్డ్స్ నడిపి ఒక్కోదాని నేమ్ ప్రింట్ చేయించండి, తేడా తెలిసిపోతుంది.

గుంటూరు నుంచి:
అదేనండీ, అలియాసే. ఫైలు వచ్చింది. కానీ కాజ, నూతక్కి అని ఊళ్ల పేర్లు ఉండాల్సిన చోట ఏవో పిచ్చి గుర్తులు. పైగా వరుసకీ వరుసకీ మధ్య ఒక ఖాళీ వరుస.

విజయవాడ నుంచి:
రెండూ ఫైలు తెరిచే లైన్లోనే తీరతాయి. ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని రాయండి. ఆ సిగ్ లేకపోతే ఎక్సెల్ తెలుగుని గుర్తుపట్టదు. న్యూలైన్ దగ్గర ఖాళీ కోట్లు ఇవ్వండి, మధ్య వరుసలు పోతాయి.

గుంటూరు నుంచి ఇంకొకరు:
సర్వే నంబర్లు కూడా చూసుకోండి అన్నా. 12/3 ఉన్నచోట ఎక్సెల్ 12-మార్చి అని చూపిస్తుంది. సీఎస్‌వీలో తప్పు ఉండదు, ఎక్సెల్ తెలివి అది. నేను చూసుకోకుండా సేవ్ కొట్టాను, ఫైలు నిండా తారీఖులే. డబుల్ క్లిక్‌తో కాకుండా డేటా ట్యాబులో టెక్స్ట్/సీఎస్‌వీ దిగుమతితో తెచ్చి, డేటా టైపులు గుర్తించొద్దు అన్నది ఎంచుకోండి.

గుంటూరు నుంచి:
అబ్బ, నాదాంట్లో 7/2, 11/4 అన్నీ తారీఖులైపోయాయి, ఇప్పుడే చూశాను. సేవ్ చేయలేదు, అదృష్టం. మళ్లీ దిగుమతి చేశాను, సరిగ్గా ఉన్నాయి. మంగళగిరి పంపేశాను, తెనాలి నడుస్తోంది.