దుబాయ్ పార్టీ జీడిపప్పు డబ్బు ఆపేశాడు, ఇక్కడ కేసు వేయొచ్చా?

ప్రశ్న (జీడి కార్ఖానా, పర్లాకిమిడి):
నమస్కారం. విశాఖ పోర్టు నుంచి సీఐఎఫ్ (ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన రేటు) జెబెల్ అలీ (దుబాయ్ పోర్టు) మీద 320 నంబరు సైజు పప్పు ఒక కంటైనర్ పంపాం, 700 కార్టన్లు. బేరం డీఏ 60 రోజులు, అంటే పార్టీ చెల్లిస్తానని సంతకం పెట్టి సరుకు కాగితాలు తీసుకుని, 60 రోజులకు డబ్బు కట్టాలి. గడువు రాగానే పార్టీ అడ్డం తిరిగాడు. పప్పు మెత్తబడింది, 20 శాతం తగ్గిస్తేనే డబ్బంటాడు. లోడింగప్పుడు ల్యాబ్ రిపోర్టులో చెమ్మ 4.2 శాతమే, 5 దాటలేదు. అగ్రిమెంట్ లేదు, ప్రొఫార్మా ఇన్‌వాయిస్, మెయిళ్లే. పప్పు ఒలిచే ఆడవాళ్లకు కూలి ఇవ్వాలి, బ్యాంకు వడ్డీ పెరుగుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (బరంపురం వ్యాపారి):
తగ్గింపు మాట మెయిల్లో ఒప్పుకోకు తమ్ముడూ. సరుకు పరీక్షించే సర్వేయర్ రిపోర్టు అడుగు, ఫొటోలు చాలవు.

జవాబు (ఎగుమతి కాగితాలు, విశాఖ):
మాది మీ దగ్గరి కాశీనగరే. సీఐఎఫ్‌లో కిరాయి, ఇన్సూరెన్స్ జెబెల్ అలీ దాకా నీవే. కానీ సరుకు విశాఖలో ఓడెక్కాక దారిలో ఏమైనా నష్టం అతనిదే. రేటు పక్కన జెబెల్ అలీ అని ఉంటుంది కాబట్టి మనవాళ్లు అక్కడిదాకా బాధ్యత మనదే అనుకుని అనవసరంగా తగ్గించేస్తారు, నాకు బాధేస్తుంది. కంటైనర్ పైకప్పుకు నీరు పట్టి కారితే ముందు తడిసేది పై వరస కార్టన్లే. ఏ వరస తడిసిందో అడుగు, దారిలో తడిసిందా అన్నది తెలుస్తుంది. నీ రిపోర్టు మీద లాట్ నంబరు ఉందా? లేకపోతే అది వేరే పప్పుదంటారు.

కేసు వేయొచ్చు, కానీ డబ్బున్నది దుబాయ్‌లో. తీర్పుల అమలుకు 1999 నాటి భారత్-యూఏఈ ఒప్పందం ఉంది, పని సాగేసరికి ఆలస్యమవుతుంది. ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పుకు) ఇప్పుడైనా అతను రాతపూర్వకంగా ఒప్పుకుంటే మేలు. అలాంటి తీర్పుల అమలుకున్న 1958 న్యూయార్క్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి, ఇక్కడి అవార్డును (మధ్యవర్తి తీర్పును) అక్కడ అమలు చేయించవచ్చు. హుండీ (గడువుకు డబ్బు కట్టాలన్న పత్రం) మీద సంతకం పెట్టాడా?

ప్రశ్న వేసినవారు:
పెట్టాడన్నా, పెట్టాకే బ్యాంకు కాగితాలిచ్చింది. ఇన్సూరెన్స్ పాలసీలో 'క్లాజ్ సీ' అని ఉంది.

జవాబు (ఎగుమతి కాగితాలు, విశాఖ):
అందుకే నీ మీద పడ్డాడు. క్లాజ్ సీలో అగ్ని, ఓడ మునగడంలాంటివే, చెమ్మకు పైసా రాదు. కానీ ఇన్‌కోటర్మ్స్ 2020 (అంతర్జాతీయ బేరాల నియమాలు) ప్రకారం సీఐఎఫ్‌లో నువ్వు తీయాల్సిన కనీస పాలసీ అదే. అంతకంటే ఎక్కువ కావాలంటే బేరమప్పుడే అతను అడగాలి. గడువుకు చెల్లిస్తానని సంతకం పెట్టాడు, అదే నీకు పెద్ద ఆధారం. రేపే బ్యాంకుకెళ్లి, చెల్లించలేదని అక్కడ ప్రొటెస్ట్ చేయించమని (అధికారికంగా నమోదు చేయించమని) రాసివ్వు. ఈసీజీసీ (ఎగుమతి డబ్బు రాకపోతే ఆదుకునే ప్రభుత్వ ఇన్సూరెన్స్ సంస్థ) పాలసీ ఉంటే వాళ్లకూ వెంటనే తెలియజేయి. పార్టీకి ఫోన్లొద్దు, అంతా మెయిల్లోనే.