“నా కుడిచేయి తన నేర్పు మరచును గాక”: ఈ ‘నేర్పు’ మూలంలో ఉందా?

శాంతిప్రియ: గుంపులో పెద్దలకు నమస్కారం. 137వ కీర్తనలో ఈ వచనం చిన్నప్పట్నుంచీ నాకు కంఠతా వచ్చు: “యెరూషలేమా, నేను నిన్ను మరచినయెడల నా కుడిచేయి తన నేర్పు మరచును గాక.” ఈమధ్య ఒక యూదుల పెళ్ళి వీడియో చూశాను. పెళ్ళికొడుకు ఇదే వచనం హీబ్రూలో చదివి, కుడికాలితో గ్లాసు పటుక్కున తొక్కి పగలగొట్టాడు. కింద వేసిన అనువాదంలో ‘నేర్పు’ ఊసే లేదు. “నా కుడిచేయి మరచిపోవును గాక” అని ఆపేశారు. చెయ్యి ఏం మరచిపోవాలి? ఆ మాట మనవాళ్ళు కలిపారా? శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఈ శాపమేమిటి?

సుబ్బారావు మాస్టారు: అమ్మా శాంతీ, మంచి చోట పట్టుకున్నావు. హీబ్రూలో నిజంగానే ‘నేర్పు’ లేదు. “ఇమ్ ఎష్కాహేఖ్ యెరుషాలాయిమ్, తిష్కహ్ యెమీనీ.” అంతే. నేను నిన్ను మరిస్తే, మరచుగాక నా కుడిచేయి. రెండు చోట్లా ఒకటే క్రియ. రెండోదానికి కర్మ లేదు. ఏం మరవాలో చెప్పకుండా వదిలేశాడు కవి.

ఆ ఖాళీని ఒక్కో భాష ఒక్కోలా పూడ్చుకుంది. పాత గ్రీకు అనువాదం ‘నా కుడిచేయి మరువబడును గాక’ అంది. లాటిను ‘మరపు పాలగును గాక’ అని దాదాపు అదే దారి పట్టింది. ఇంగ్లిష్ పాత బైబిలు ‘నేర్పు’ అనే అర్థం వచ్చే మాట కలిపి, అది మూలంలో లేదని తెలిసేలా వాలు అక్షరాల్లో అచ్చువేసింది. ఇంకో వర్గం పండితులు అక్షరాలు అవే అయినా ఆ క్రియ వేరని, ‘ఎండిపోవు, చచ్చుబడు’ అనే అర్థం చెప్పుకోవచ్చని అంటారు. కొన్ని ఆధునిక అనువాదాలు ‘ఎండిపోవును గాక’ అనడానికి కారణం అదే.

నన్నడిగితే మన తెలుగు అనువాదమే బాగుందంటాను. ‘మరచినయెడల... మరచును గాక’ అని మూలంలోని జంట క్రియను చెడగొట్టకుండా నిలబెట్టింది. ‘ఎండిపోవును గాక’ అంటే ఆ జంట విడిపోతుంది. ఇక ‘నేర్పు’ గాలిలోంచి ఊడిపడలేదు. రెండో వచనం చూడు, ‘నిరవంజిచెట్లకు మన సితారాలు తగిలించితిమి’ అంటారు. యూదుల్ని చెరపట్టి బబులోనుకు తీసుకుపోయినవాళ్ళు ‘సీయోను (అంటే యెరూషలేము) పాట ఒకటి పాడండి’ అని వేళాకోళంగా అడిగారు. ఒట్టు పెట్టుకుంటున్నవాడు వాద్యగాడు! వాడి కుడిచేయి మరచిపోయేది తీగ మీటే విద్యనే. తర్వాతి వచనంలో ‘నా నాలుక నా అంగిటికి అంటుకొనును గాక’ అంటాడు. చెయ్యి పోతే వాద్యం పోయె, నాలుక పోతే పాట పోయె. పాటగాడికి ఇంకేం మిగులుతుంది?

నర్సింహ: మా దిక్కు ఇట్లాంటి ఒట్లు కుప్పలు కుప్పలు. ‘అబద్ధమాడితె నా నోరు పడిపోను’ అని మా అవ్వ దినాం అనేది. ఇంక తిట్లంటరా, ‘నీ చేతులిరగ’, ‘నీ నోట్లె మన్నువడ’. ఈ ‘పడిపోను’, ‘ఇరగ’ అన్నీ ఆ ‘గాక’ చేసే పనే చేస్తున్నయి కద మాస్టారూ?

సుబ్బారావు మాస్టారు: సరిగ్గా అదే నర్సింహా. గ్రంథాల్లో ‘శుభమగు గాక’, ఊళ్ళో ‘నీ ఇల్లు బంగారంగాను’. కోస్తా ముసలమ్మలు విసుక్కుంటూ కూడా అదే అంటారు. ఇప్పుడు ఇదే వచనాన్ని కొత్తగా అనువదించమంటే నేను ‘గాక’ పక్కనపెట్టి, ‘నిన్ను మరిస్తే, యెరూషలేమా, నా కుడిచేయి పడిపోను’ అంటాను. ఒట్టు ఒట్టులా వినిపిస్తుంది.

పద్మజ: అప్పుడు మీరే మెచ్చుకున్న ‘మరచు’ జంట పోతుందిగా! మన నుడికారంలోనే ‘చెయ్యి తిరగడం’ ఉంది. చెయ్యితిరిగిన రచయిత, చెయ్యితిరిగిన వంటవాడు అంటాం. కాబట్టి ‘నా కుడిచేయి తిరగడం మరచిపోను’ అంటే నేర్పూ వచ్చింది, మరపూ వచ్చింది.

సుబ్బారావు మాస్టారు: భేష్ పద్మజమ్మా! ఒక్క చిక్కుంది. ‘మరచిపోను’ అనగానే ‘నేను మరవను’ అనే అర్థం ముందు తడుతుంది. ఒట్టు తలకిందులైపోతుంది. మన పాత ‘గాక’ ఆ ప్రమాదం లేకుండా కాపాడింది.

వెంకట్: ఒక చిన్న పిడకలవేట, అడ్మిన్ గారు క్షమించాలి. ‘యెమీనీ’లోని ‘యెమీన్’ అంటే కుడి. తూర్పుముఖంగా నిలబడితే కుడివైపు దక్షిణం కాబట్టి హీబ్రూలో ఆ మాటకే దక్షిణమనే అర్థం కూడా ఉంది. మన ‘దక్షిణ’ కూడా అంతే కదా, దక్షిణహస్తం అంటే కుడిచెయ్యే. బైబిల్లో బెన్యామీను పేరుకు అర్థం ‘కుడిచేతి కుమారుడు’.

శాంతిప్రియ: పెళ్ళిలో శాపం సంగతి ఎవరూ చెప్పలేదు!

సుబ్బారావు మాస్టారు: చెప్తానమ్మా. దానికి కాస్త చరిత్ర కావాలి, ఓపిగ్గా చదవండి.

క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును కొట్టి, సొలొమోను కట్టించిన మందిరాన్ని తగలబెట్టాయి. చాలామందిని బబులోనుకు, అంటే ఇప్పటి ఇరాకుకు, తోలుకుపోయారు. అంతకు పదకొండేళ్ళ ముందే యూదా రాజు యెహోయాకీనును ఒక విడతగా పట్టుకెళ్ళారు. బబులోను తవ్వకాల్లో దొరికిన మట్టి పలకల మీద ఆయనకూ ఆయన అయిదుగురు కొడుకులకూ రాజుగారి కొట్టులోంచి ఎంత నూనె కొలిచి ఇచ్చారో రాసి ఉంది. చరిత్ర పుస్తకం కాదది, సరుకుల చిట్టా. అందుకే నాకు దానిమీద ఎక్కువ నమ్మకం.

క్రీ.పూ. 539లో పారసీక రాజు, మన బైబిల్లో కోరెషు, బబులోనును గెలిచి వెళ్ళేవాళ్ళను వెళ్ళనిచ్చాడు. కొందరు వెళ్ళి రెండో మందిరం కట్టుకున్నారు. క్రీ.శ. 70లో రోము సేనాని తీతు దాన్నీ నేలమట్టం చేశాడు. 132లో రోము మీద యూదుల బార్ కోఖ్బా తిరుగుబాటు మొదలై 135లో అణగారిపోయింది. యెరూషలేము పేరు ఏలియా కాపిటోలినా అని మార్చిన రోము చక్రవర్తి హేడ్రియన్, యూదులు ఆ ఛాయలకు రాకూడదన్నాడు. యూదయ అనే రాష్ట్రం పేరు కూడా తుడిచేసి సిరియా పాలస్తీనా అన్నాడు. పాలస్తీనా అనే మాట మాత్రం హేడ్రియన్ పుట్టించింది కాదు. అంతకు చాలా ముందే గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ వాడాడు. దాని వెనకున్నవాళ్ళు మన బైబిల్లోని ఫిలిష్తీయులు.

ఊరు పోయింది, మందిరం పోయింది. మరి మరచిపోకుండా ఉండటమెలా? దానికి యూదుల పెద్దలు పెట్టిన పద్ధతులు చూడు. ఇంటికి సున్నం వేస్తే ఒక మూర చదరం గోడ వదిలేయాలి. విందు చేస్తే ఒక వంటకం తగ్గించాలి. పస్కా పండుగ రాత్రి భోజనం చివర ‘వచ్చే ఏడు యెరూషలేములో’ అనుకోవాలి. పెళ్ళికొడుకు గ్లాసు తొక్కడం ఈ వరసలోనిదే. ‘నా ముఖ్య సంతోషముకంటె యెరూషలేమును హెచ్చుగా ఎంచనియెడల’ అని ఆరో వచనంలో ఉంది కదా? మనిషికి పెళ్ళిని మించిన ముఖ్య సంతోషం ఏముంది, అందుకే అక్కడ పెట్టారు. ఇందులో శాపం కంటే ఆనవాయితీ పాలే ఎక్కువ. గ్లాసు పగలగానే అంతా ‘మజల్ తోవ్’, అంటే శుభాకాంక్షలు, అని చప్పట్లు కొడతారు, అది కూడా వీడియోలో ఉండాలే.

శాంతిప్రియ: ఉంది మాస్టారూ! బ్యాండు కూడా మొదలైంది.

రమేష్: మా బావమరిది జగిత్యాల నుంచి పోయి తెల్ అవీవ్ దగ్గర ఒక ముసలాయన్ని చూసుకునే పని చేస్తుండు. ఆ తాత పుట్టింది బాగ్దాద్‌లోనట. ఇప్పటికీ పాత అరబ్బీ పాటలు పెట్టుకుని వింటడట. యూదులు అరబ్బీ పాటలు వినుడేందని మావోడు మొదట్ల పరేషానయిండు.

సుబ్బారావు మాస్టారు: రమేష్, మీ బావమరిది చూసుకుంటున్నది ‘బబులోను నదులయొద్ద’ కూర్చున్నవాళ్ళ వారసుణ్ణే అయ్యుండొచ్చు! ఈ కీర్తన చదివితే అందరూ ఏడుస్తూ కూర్చుని, సందు దొరకగానే తిరిగి వెళ్ళిపోయారనిపిస్తుంది. అలా జరగలేదు. కోరెషు వెళ్ళమన్నా చాలామంది వెళ్ళలేదు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని యిర్మీయా ప్రవక్తే వాళ్ళకు ఉత్తరం రాశాడు. వాళ్ళు మాట విన్నారు. బబులోను దేశంలో ‘అల్-యాహుదు’, అంటే యూదా ఊరు, అనే పేరుతో ఒక పల్లె ఉండేది. అక్కడివాళ్ళ పొలాలు, పన్నులు, అప్పుల లెక్కలున్న పలకలు దొరికాయి. ఒట్టు వేసిన తరం మనవలు కాలవ కింద చేలు చేసుకుంటూ, శిస్తు కడుతూ బతికారు. వెయ్యేళ్ళ తర్వాత యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం, బబులోను తల్మూదు, పూర్తయింది కూడా అక్కడే. చివరికి 1950, 51 సంవత్సరాల్లో, ఇరాకులో బతుకు దుర్భరమయ్యాక, లక్షా ఇరవై వేల మందికి పైగా విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు. ఆ తరలింపుకు పెట్టిన పేరు ‘ఎజ్రా నెహెమ్యా’. క్రీస్తుకు పూర్వం యెరూషలేముకు తిరిగొచ్చిన ఇద్దరు పెద్దల పేర్లే.

పద్మజ: మరి హెర్జల్ ప్రమాణం సంగతి? అది కూడా ఈ వచనమే కదా.

సుబ్బారావు మాస్టారు: గుర్తుచేశావు. 1903 ఆగస్టు, స్విట్జర్లాండులోని బాసెల్, ఆరో జియోనిస్టు మహాసభ. యూదులకు సొంత దేశం కావాలన్న ఆ ఉద్యమానికి నాయకుడు హెర్జల్. ఆ ఏప్రిల్‌లోనే రష్యా సామ్రాజ్యంలోని కిషినెవ్‌లో యూదుల మీద ఊచకోత జరిగింది. తలదాచుకోవడానికి ఎక్కడో ఒకచోట నేల కావాలి. బ్రిటన్ తూర్పు ఆఫ్రికాలో చోటిస్తానంది. ఉగాండా పథకం అన్నారు గానీ ఆ నేల ఇప్పటి కెన్యాలో ఉంది. సరే, ఒక బృందాన్ని పంపి చూద్దామని థియోడర్ హెర్జల్ తీర్మానం పెడితే అనుకూలంగా 295, వ్యతిరేకంగా 178 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకించిన రష్యా ప్రతినిధులు లేచి బయటికి వెళ్ళిపోయారు. కొందరు మందిరం కూలిన రోజున చేసినట్టు నేలమీద కూర్చుని ఏడ్చారు. అందులో కిషినెవ్ వాళ్ళూ ఉన్నారు! చావు తప్పించుకొచ్చినవాళ్ళే మాకు ఆ నేల వద్దన్నారు.

సభ చీలిపోతుందని టెన్షన్. ముగింపు ప్రసంగంలో హెర్జల్ కుడిచెయ్యి పైకెత్తి ఇదే వచనం చదివాడు. మాట్లాడేది జర్మన్, రాసేది జర్మన్, హీబ్రూ అంతంతమాత్రం. అయినా ఆ ఒక్క వాక్యం హీబ్రూలోనే అన్నాడు. కవి చెప్పని కర్మను ఆయన చేత్తో చూపించాడని నాకనిపిస్తుంది. ఏడాది తిరక్కుండానే పోయాడాయన. 1905 మహాసభ ఆఫ్రికా పథకాన్ని తోసిపుచ్చింది.

సలీం: మాస్టారూ, ఒక మాట. ఆ నేలను మరచిపోనివాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం 33-13 ఓట్లతో నెగ్గింది, మన దేశం వద్దన్న పదమూడింటిలో ఉంది. 1948 మే 14న ఇజ్రాయెల్ ప్రకటన. ఆ యుద్ధంలో దాదాపు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్ళు వదిలి పోవాల్సి వచ్చింది. వాళ్ళు దాన్ని ‘నక్బా’ అంటారు, అంటే మహావిపత్తు. తాళంచెవులు ఇప్పటికీ దాచుకున్న కుటుంబాలున్నాయి. ఈ కీర్తన చదివితే నాకు వాళ్ళే గుర్తొస్తారు.

అడ్మిన్: సలీం గారి మాట ఉంచుతున్నాం. ఇక్కడినుంచి రాజకీయ చర్చ వద్దు, దయచేసి వచనం దగ్గరే ఉండండి.

సుబ్బారావు మాస్టారు: సలీం భాయ్ అన్నది వచనానికి దూరమేమీ కాదు అడ్మిన్ గారూ. ఆ కీర్తన ముగింపు చదివినవాళ్ళకు తెలుసు. బబులోను పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడంటుంది చివరి వచనం. ప్రార్థనల్లో, పాటల్లో చాలామంది ఆరో వచనం దగ్గర ఆగిపోతారు. ఇల్లు పోగొట్టుకున్నవాడి నోట ఎంత మెత్తటి పాట వస్తుందో, అదే నోట ఎంత ఘోరమైన మాట వస్తుందో రెండూ దాచకుండా రాసిపెట్టాడు కవి. నేను పాఠం చెప్పేటప్పుడు తొమ్మిదో వచనం దాటెయ్యలేదు ఎప్పుడూ.

వెంకట్: గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిమ్’ అని తెలుగు యూదులున్నారు. తాము ఇశ్రాయేలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటారు, సమాజమందిరం కూడా ఉంది. వాళ్ళు ఈ వచనం ఏ భాషలో చదువుకుంటారో ఎవరైనా వెళ్ళి వింటే ఇక్కడ రాయండి.

నర్సింహ: మాస్టారూ, నిరవంజి చెట్టంటె ఏం చెట్టు? మా ఊర్ల ఎవ్వరికి తెల్వది.

సుబ్బారావు మాస్టారు: హీబ్రూలో ‘అరావీమ్’. యూఫ్రటీసు ఒడ్డున పెరిగే ఒకరకం పోప్లర్ చెట్టని ఎక్కువమంది వృక్షశాస్త్రజ్ఞుల లెక్క. యూరపు వాళ్ళు మాత్రం కొమ్మలు కిందికి వేలాడే విల్లో అనుకున్నారు. అందుకే మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ ఆ విల్లోకు శాస్త్రీయ నామంలో ‘బాబిలోనికా’ అని తగిలించాడు. తీరా చూస్తే అది చైనా చెట్టు. ఇక సితారాల సంగతంటావా, మూలంలో ఉన్నది ‘కిన్నోర్’, చేత్తో పట్టుకునే చిన్న తీగవాద్యం. ఇప్పటి హీబ్రూలో అదే మాటకు వయొలిన్ అని అర్థం. వయొలిన్‌కు కమాను పట్టేది కుడిచెయ్యే, కాబట్టి వచనానికి ఇప్పటికీ ఢోకా లేదు.